ఒక టీఎంసీకి ఎన్ని ఎకరాలు?

దక్షిణ తెలంగాణలో ఏ ప్రాజెక్టు పంచాయితీ తీసుకున్నా చివరికి ఒక భాగహారం దగ్గర తేలుతుంది. టీఎంసీకి (వంద కోట్ల ఘనపుటడుగుల నీటికి) ఆరుతడి పంటలైతే, అంటే మడిలో నీరు నిలపకుండా అప్పుడప్పుడు తడిపేవైతే, పదివేల ఎకరాలు, వరైతే ఆరువేల లోపు. ఇరవై ఏళ్ల తర్వాత రైతు ఏం వేస్తాడో, ఆ పంటను ఎవరు కొంటారో ముందే ఊహించి కాల్వ వెడల్పు కడతారు. కాల్వకు సిమెంటు లైనింగ్ అయ్యాక ఊహ మారినా కాల్వ మారదు.

ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) నీరు రోజంతా పారితే దాదాపు 24 ఎకరాల్లో అంగుళం మేర నిలుస్తుంది. రెండంగుళాల తడి చొప్పున అది 12 ఎకరాలు. పది రోజుల వంతుపై 120 ఎకరాల ఆరుతడి పంట పారుతుంది. అదే చల్క నేలలో వరి వేస్తే, నేలలోకి ఇంకిపోయేదీ, ఆవిరయ్యేదీ కలిపి రోజుకు అర అంగుళం పోయినా 48 ఎకరాలే. అందరూ ఒకే వారంలో కరిగెట (నాటుకు ముందు మడిలో నీరు నింపి దున్నే పని) మొదలుపెడితే అదీ పారదు. పైతూము రైతు మడి నిండుతుంది, చివరి భూములకు పిల్లకాల్వలో తేమ మాత్రం చేరుతుంది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967లో కాల్వలకు నీళ్లు. ఆయకట్టును తరి (వరి వేసే తడిపొలం), ఆరుతడి అని విడగొట్టి కాగితం మీద రాశారు. నీళ్లొచ్చాక ఆ గీత నిలవలేదు. కారణం రైతు మొండితనం కాదు: మద్దతు ధరకు పెద్దఎత్తున కొనే పంట ప్రధానంగా వరే. 2021-22 యాసంగిలో పారాబాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నది, వరి వద్దని రాష్ట్రం చెప్పింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ కొనుగోళ్లు ప్రకటించారు. ఒక్క సీజన్‌లోనే ఊహ ఇన్నిసార్లు తిరగబడితే, ముప్పై ఏళ్ల డిజైన్ ఏ లెక్క మీద నిలబడాలి?

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలోనూ ఇదే లెక్క. 2013 ప్రతిపాదన జూరాల నుంచి 35 రోజుల్లో 70 టీఎంసీలు, 10 లక్షల ఎకరాలు. 2015లో మూలం శ్రీశైలానికి మారి, 60 రోజుల్లో 90 టీఎంసీలు, 12.30 లక్షల ఎకరాలు అయింది. తాగునీటి వాటా తీయకుండా, కాల్వ నష్టాలు చూడకుండా భాగిస్తే ఎకరానికి 20 అంగుళాలు. వాన తోడైతే ఆరుతడి పంటకు చాలు, వరికి చాలదు. ఈ 90లో 45 టీఎంసీలను చిన్ననీటి వనరుల్లో మిగులుగా 2022 జీవోలో చూపారు. చెరువులు తమ వాటా వాడుకోవడం లేదన్నది ఆ లెక్క ఆధారం. అంతకుముందే 2015 నుంచి అవే చెరువుల్లో నీళ్లు ఎక్కువ నిలవాలని మిషన్ కాకతీయ కింద పూడిక తీస్తూ వచ్చారు!

హైదరాబాద్ పెరుగుదల మరో ఊహ. నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం మీదుగా మూడు దశల్లో నగరానికి ఏటా దాదాపు 16.5 టీఎంసీల కృష్ణా నీళ్లు. సాగర్ జలాశయం నుంచి ఆ నీటిని ఎత్తే పుట్టంగండి పంపులు ఆగితే అటు నగరం, ఇటు ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) ఆయకట్టు రెండూ ఎండుతాయి. శ్రీశైలం నుంచి పంపుల్లేకుండా గ్రావిటీతో నీళ్లు తేవాల్సిన సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో, పనులు సాగుతుండగా 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కొంతమేర కూలి, ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు.

సొరంగం లేకుంటే కరెంటే దిక్కు. ఒక టీఎంసీని వంద మీటర్లు ఎత్తాలంటే, పంపుల సామర్థ్యం 80 శాతమనుకుంటే, సుమారు 96 లక్షల యూనిట్లు. ఆరుతడి ఎకరానికి 960 యూనిట్లు, వరికి 1,600 పైచిలుకు. సముద్రమట్టం నుంచి చూస్తే శ్రీశైలం నిండు మట్టం 270 మీటర్లు, మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది; అంటే వంద మీటర్లు ఎత్తితే సరిపోదు.