అన్నం తినే ఊళ్లో గోధుమ జబ్బు

విజయవాడలో ఎవరితోనైనా సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక, సొంత రోగనిరోధక శక్తే పేగును దెబ్బతీసే జబ్బు) అంటే "అది చపాతీలు తినే ఉత్తరాది వాళ్లకు కదా" అంటారు. అందులో సగమే నిజం. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరికి కనిపించింది, దక్షిణాదిన చాలా అరుదు. కానీ అందుకు కావలసిన జన్యువులు అక్కడా ఇక్కడా మూడోవంతు మందికి పైగానే ఉన్నాయి. పెద్ద తేడా కంచంలోనే. ఆ కంచమూ ఇప్పుడు మారుతోంది: షుగర్ ఉందని రాత్రిళ్లు చపాతీ, పిల్లలకు నూడుల్స్, బిస్కెట్లు.

గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్‌లో ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ గొలుసులోని పూసలు) దట్టంగా ఉంటాయి. ప్రోలిన్ ఉన్నచోట గొలుసును తెంపడం మన జీర్ణరసాలకు కష్టం. అందుకే ఎవరి కడుపులోనైనా కొన్ని ముక్కలు అరగకుండా మిగులుతాయి. వాటిలో ఒకటి ఏకంగా 33 అమైనో ఆమ్లాల పొడవు. చాలామందికి దానివల్ల ఏమీ కాదు.

సీలియాక్ ఉన్నవారిలో ఆ ముక్కలు పేగు గోడలోకి చేరతాయి. అక్కడ టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గాయాలు మానడానికి సాయపడే మంచి ఎంజైమే. అది గ్లూటెన్ ముక్కలోని కొన్ని గ్లుటమిన్లను గ్లుటమిక్ ఆమ్లంగా మారుస్తుంది, దాంతో ముక్కకు ఋణావేశం వస్తుంది. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఇదే. ఇంత చిన్న మార్పుతో, రోగనిరోధక కణాలపై ఉండే డీక్యూ2, డీక్యూ8 అనే ప్రొటీన్లు ఆ ముక్కను గట్టిగా పట్టుకుని టీ కణాలనే తెల్లరక్తకణాలకు చూపిస్తాయి. టీ కణాలు రెచ్చిపోయి ఇంటర్‌ఫెరాన్ గామా అనే వాపు రేపే రసాయనాన్ని వదులుతాయి. బి కణాలనే మరో రకం తెల్లరక్తకణాలు గ్లూటెన్ మీదే కాక మన సొంత ఎంజైమ్ మీద కూడా యాంటీబాడీలు తయారుచేస్తాయి. పైపొరలోని మరో రకం టీ కణాలు పేగు కణాలనే చంపేస్తాయి. పేగు లోపల తువ్వాలు పోగుల్లా నిలబడి పోషకాలను పీల్చుకునే విల్లైలు చదునైపోతాయి. తిన్న ఇనుము, కాల్షియం ఒంటికి పట్టవు.

కొందరికి విరేచనాలే ఉండవు, ఈ లోటే బయటపడుతుంది. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనతో, ఎత్తు పెరగని పిల్లాడో కనిపిస్తారు. అలాంటి బిడ్డకు బలం రావాలని ఇంట్లో ప్రేమగా ఇచ్చేది మాల్ట్ పొడి కలిపిన పాలు, కడుపు బాగాలేకపోతే బ్రెడ్డు. రెండింటిలోనూ గ్లూటెనే. (రాగిమాల్ట్ వేరు, అందులో గ్లూటెన్ ఉండదు. నేను చెప్పేది బార్లీ, గోధుమలతో చేసే డబ్బా పొడుల గురించి.)

చికిత్స ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ మానేయడం. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె ఉన్న వంటిల్లు మనకు పెద్ద వరం. అయినా చిక్కులున్నాయి. పెసరట్టు తినొచ్చు, ఎమ్మెల్యే పెసరట్టు కుదరదు, లోపలి ఉప్మా గోధుమరవ్వదే. గుంటూరు బండి మీద మిర్చిబజ్జీ శనగపిండిదే అయినా, అదే మూకుడులో మైదాతో చేసే మైసూర్ బజ్జీలు వేగి ఉండొచ్చు. పప్పు పోపులో వేసే ఇంగువ పొడిలోనూ తరచుగా గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదవాల్సిందే.

అనుమానం రాగానే చపాతీలు మానేయకండి, ముందు డాక్టర్ని కలవండి. టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష వెతికేది పైన చెప్పిన టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఎంజైమ్ మీది యాంటీబాడీలనే. గోధుమ మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఎండోస్కోపీలో పేగు నుంచి తీసే ముక్కకూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా ఏ ఇబ్బందీ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి.