చూరు నీళ్ల లెక్క

మొన్న శ్రావణం ముసురులో, కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో రాత్రంతా కరెంటు లేదు. ఫోన్లో చార్జింగ్ ఉంది కదా అని బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో తెచ్చిన ఆల్బమ్ ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ పెట్టుకున్నాను. రెండో ట్రాకులో మాటల్లేవు, తాళం లేదు. గొంతులు ఒక్కో స్వరాన్ని ‘ఆ...’ అని సాగదీసి ఆగిపోతాయి. కాసేపటికి మళ్లీ వస్తాయి. పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాళ్లకు విసుగే. ఆ విసుగు దాటాకే నాకు అసలు సంగతి వినబడింది.

స్వరాలను విడివిడిగా రికార్డు చేసి, ఒక్కో టేపు రెండు కొసలూ అతికించి దండ చేశారు. ఆ దండలెంత పొడుగంటే, స్టూడియోలో కుర్చీల కాళ్ల చుట్టూ తిప్పాల్సి వచ్చింది. కిటుకంతా పొడవుల్లోనే ఉంది. ఒక స్వరం 23.5 సెకన్లకోసారి వస్తుంది, ఇంకోటి 25.875కి, మరోటి 29.9375కి. మూడూ ఒకేసారి మొదలైతే మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? బడిలో చేసిన క.సా.గు. లెక్కే. సెకనును పదహారు ముక్కలు చేస్తే 376, 414, 479 వస్తాయి. వాటి క.సా.గు. 3,72,81,528. అంటే దాదాపు 27 రోజులు! చంద్రుడు అశ్వినిలో బయల్దేరి నక్షత్రాలన్నీ చుట్టి మళ్లీ అశ్వినికి చేరడానికి ఇంచుమించు అంతే పడుతుంది. ట్రాకేమో 9 నిమిషాలైనా ఉండదు. అందుకే ఆ మూడు స్వరాలు ఒకసారి కుదిరిన తీరులో అందులో మళ్లీ కుదరవు.

ఇయర్‌ఫోన్స్ తీసి, సౌండు బాగా తగ్గించి ఫోన్ కిటికీలో పెట్టాను. చూరు నీళ్లు కూడా అదే పని చేస్తున్నాయి. పెంకు కొసన బొట్టు నిండుతూ వేలాడుతుంది. దాని బరువును తలతన్యత ఇక ఆపలేనప్పుడు తెగిపడుతుంది. ఒక్కో పెంకు మీద పారే నీరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఏ బొట్టు గడువు దానిదే. ఒకటి గోలెంలో ‘బుళుక్’, ఒకటి అరటాకు మీద ‘టప్’, ఒకటి బోర్లించిన ఇత్తడి బిందె మీద ‘ణంగ్’.

వాన హోరులో అన్ని పౌనఃపున్యాలూ కలిసుంటాయి. అందుకే మెల్లని స్వరాలు దాని కింద మునిగిపోయి, కాస్త గట్టివే పైకి తేలతాయి. 1975లో ప్రమాదం జరిగి మంచాన పడ్డప్పుడు ఈనో విన్నదీ ఇలాగే: బయట వాన, లోపల వినీ వినబడని హార్ప్ సంగీతం. లేచి సౌండు పెంచే ఓపిక లేదు. ఈ సంగీతానికి బీజం ఆ మంచం మీదే పడింది. దీన్ని నిద్రపుచ్చే సంగీతమంటే నేను ఒప్పుకోను. నా చెవి అంత మెలకువగా ఎప్పుడూ లేదు.

వాన జోరు తగ్గేకొద్దీ బిందె మీది బొట్టు ఆలస్యమవుతూ వచ్చింది. ఐదు సెకన్లు. ఏడు. పదకొండు. తర్వాతి దానికోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.