బాల్యంలో తగిలిన మానసిక గాయాలు, యువత ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు, కాలేజీ వయసు యువతకు చికిత్స అందించే క్లినికల్ సైకాలజిస్టుగా నా అనుభవంలో, చిన్నతనంలో జరిగిన ఫలానా సంఘటన వల్ల మా బిడ్డ ఇలా అయ్యాడని చెప్పుకుంటూ వచ్చే తల్లిదండ్రులు చాలా తక్కువ. చదువు తగ్గిపోయిందని, కోపం పట్టలేకపోతున్నాడని, హాస్టల్లో స్పృహ తప్పి పడిపోతోందని, ముంజేతి మీద బ్లేడుతో కోసుకుందని వస్తారు. నాలుగైదు సార్లు కూర్చుని మాట్లాడిన తరువాత, ఇంట్లో అందరికీ తెలిసి కూడా ఎవరూ నోరెత్తని సంగతి ఒకటి మెల్లగా బయటపడుతుంది. జరిగిన సంఘటన బిడ్డకు ఎంత హాని చేసిందో, ఆ తరువాత పెద్దలు దానిని కప్పిపెట్టిన తీరు కూడా దాదాపు అంతే హాని చేసి ఉంటుంది. అలా కప్పిపెట్టిన వారిలో చాలామందికి బిడ్డ మీద ప్రేమ నిండా ఉంటుంది. వారి చేత ఆ పని చేయించేవి తరతరాలుగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు. ఆ నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఉదాహరణలుగా చెప్పినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: పసిపిల్లలకు ఏమీ తెలియదు, పెద్దయ్యాక గుర్తుండదు

“పసిబిడ్డకు ఏం తెలుస్తాది మేడమ్” అనే మాట నేను తరచుగా వింటాను. మూడేళ్ల లోపు జరిగిన వాటిని మనం కథలా చెప్పుకోలేమన్నది నిజమే, ఎందుకంటే అటువంటి జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఆ వయసుకు ఇంకా పరిణతి చెందదు. కానీ భయాన్ని నేర్చుకునే అమిగ్డలా అంతకు చాలా ముందుగానే పని మొదలుపెడుతుంది కనుక, మాటలకు అందని జ్ఞాపకం ఒంట్లో, నిద్రలో, ఉలికిపాటులో మిగిలిపోతుంది.

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు రెండేళ్ల వయసున్న ఒక పిల్లవాడు, ఒకటో తరగతికి వచ్చాక కూడా, వాన జోరు పెరిగితే తన చెప్పులను, బడిసంచిని తెచ్చి మంచం మీద పెట్టుకుని ఇక కిందికి దిగేవాడు కాదు. ఎందుకని అడిగితే చెప్పలేడు. ఆ రాత్రి నీళ్లు ఇంట్లోకి వచ్చాయన్న సంగతే వాడికి తెలియకూడదని ఇంట్లోవాళ్లు అన్నేళ్లూ జాగ్రత్తపడుతూ వచ్చారు. జరిగినదాన్ని వాడి వయసుకు తగిన మాటల్లో వాళ్లమ్మ వాడికి చెప్పిన తరువాతే, వాన వచ్చినప్పుడు వాడు మంచం దిగి ఆమె పక్కన కూర్చోవడం మొదలైంది.

మన ప్రాంతంలో బిడ్డ దడుచుకున్నాడంటే మంత్రం వేయించి తాయెత్తు కట్టిస్తారు. ఆ తాయెత్తును విప్పమని నేను ఎవరికీ చెప్పను. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, నలుగురు పెద్దలు వాడి భయాన్ని నిజమైన భయంగా ఒప్పుకుని ఒక పూట వాడి కోసం వెచ్చించడంలో ఊరట ఉంది. అయితే పక్క తడపడం, నిద్రలో కేకలు వేయడం, తల్లి కొంగు వదలకపోవడం వంటివి నెల దాటినా తగ్గకపోతే వైద్యుల వద్దకు తప్పక తీసుకురావాలి. ఎంత త్వరగా అంత మేలు అన్న మాటకు గట్టి ఆధారమే ఉంది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 దశకం మొదట్లో, అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించగా, కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అల్లుకుపోవడంలోనూ మెరుగుపడ్డారు. రెండేళ్లు నిండకముందే వెళ్లిన వారిలో ఆ మేలు మరింత స్పష్టంగా కనిపించింది.

అపోహ: దెబ్బ పడితేనే పిల్లలు దారికొస్తారు

దండం దశగుణం భవేత్ అని ఉపాధ్యాయులు, తండ్రులు ఇప్పటికీ ధీమాగా అంటుంటారు. ఎప్పుడో ఒక్కసారి పడిన దెబ్బ జీవితాంతం వేధిస్తుందని నేను అనడం లేదు. ఈ రోజు ఏం జరుగుతుందో తెలియని ఇంట్లో ఏళ్ల తరబడి పెరగడం గురించి మాట్లాడుతున్నాను. అటువంటి ఇంట్లో పెరిగిన ఒక పదో తరగతి విద్యార్థి, సందు మలుపులో నాన్న బండి చప్పుడు విని, అది వాకిట్లో ఆగిన తీరును బట్టి ఆయన తాగి వచ్చాడా లేదా అన్నది చెప్పగలిగేవాడు. అమ్మను వంటింట్లోకి, చెల్లెలిని పక్కింటికి పంపే పని వాడిదే. రాత్రంతా ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండే పిల్లవాడు పొద్దున తరగతిలో లెక్కల మీద ధ్యాస పెట్టలేకపోతే, దానిని బద్ధకమని అక్కడ మళ్లీ కొట్టారు.

ప్రమాదం ఎదురైనప్పుడు కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరగడం, ప్రమాదం తప్పగానే అవి తగ్గడం ఆరోగ్యవంతమైన శరీరం చేసే పని. ప్రమాదం ఎప్పటికీ తప్పదని శరీరానికి అనిపించినప్పుడు ఆ ఏర్పాటే అదుపు తప్పుతుంది. వాడు తరగతిలో గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించేలా చివరి బెంచీలో కూర్చుంటాడు. వెనుక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే చెయ్యెత్తుతాడు. అది పొగరుగా కనిపిస్తుంది. యాభై ఏళ్ల కాలంలో దాదాపు 1,60,000 మంది పిల్లల మీద జరిగిన 75 అధ్యయనాలను కలిపి 2016లో విశ్లేషించినప్పుడు, కొట్టడం వల్ల పిల్లలు మాట వింటారనడానికి ఆధారం దొరకలేదు సరికదా, దూకుడుతనం, మానసిక సమస్యలు వారిలో ఎక్కువగా ఉన్నట్టు తేలింది. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది కూడా.

అపోహ: బాగా చదివే పిల్లలకు ఏ సమస్యా లేనట్టే

తిరుపతి చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివే పిల్లలను చూసే నాకు ఈ నమ్మకం చాలా ప్రమాదకరంగా కనిపిస్తుంది. కళ్లు మూసుకుంటే పీడకలలు వస్తాయన్న భయంతో రాత్రంతా చదివే అమ్మాయికి మంచి మార్కులే వస్తాయి. ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజునో, సెలవులకు ఊరికి వెళ్లాల్సిన ముందు రోజునో ఆమె ఫిట్స్ వచ్చినట్టు పడిపోతుంది. మెదడు పరీక్షల్లో ఏమీ తేలకపోయేసరికి నటిస్తోందంటారు. అది నటన కాదు. మాటగా బయటకు రాలేని బాధ శరీరం ద్వారా బయటపడే స్థితి అది, చికిత్సతో తగ్గేది. మూర్ఛ లేదని వైద్యులు చెప్పారంటే ‘ఏమీ లేదు’ అని వారు చెప్పినట్టు కాదని తల్లిదండ్రులు గ్రహించాలి. తరచుగా వచ్చే కడుపునొప్పి, తలనొప్పి విషయంలోనూ ఇది గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: లైంగిక వేధింపులు ఆడపిల్లలకే, అదీ కొత్తవారి వల్లే జరుగుతాయి

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురయ్యామని చెప్పినవారు 53 శాతానికి పైగా ఉండగా, వారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్తులు. మగపిల్లవాడు చెప్పుకుంటే ఎగతాళి చేస్తారు, ఆడపిల్ల చెప్పుకుంటే పరువు అంటారు. ఇద్దరూ నోరు మూసుకోవడం నేర్చుకుంటారు.

ఇల్లు వదిలి రైలెక్కి తిరుపతి స్టేషనులో దిగే పిల్లల విషయంలో నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. బిడ్డ దొరికాడన్న సంతోషంలో వెంటనే ఇంటికి అప్పగించాలని అందరూ తొందరపడతారు. ఎందుకు ఇల్లు వదిలాడన్నది స్థిమితంగా, ఒంటరిగా వాడిని అడిగి తెలుసుకోకుండా పంపిస్తే, ఏ మనిషి నుంచి పారిపోయి వచ్చాడో ఆ మనిషి చేతికే అప్పగించినట్టు కావచ్చు. అటువంటి పిల్లల గురించి నిర్ణయం తీసుకోవలసింది జిల్లా బాలల సంక్షేమ కమిటీ. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఎవరు ఫోన్ చేసినా సాయం అందుతుంది.

కేసు పెడితే బిడ్డ బజారున పడుతుందన్న భయం గురించి కూడా చెబుతాను. 2012 నాటి పోక్సో చట్టం ఆడ, మగ తేడా లేకుండా 18 ఏళ్ల లోపు వారందరికీ వర్తిస్తుంది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు మహిళా ఎస్సై స్థాయికి తగ్గని అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలి. రాత్రివేళ బిడ్డను పోలీసు స్టేషనులో ఉంచకూడదు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు కంటబడకుండా చూడాలి. బిడ్డ ఎవరో తెలిసేలా వార్తలు రాయకూడదు. నేరం జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేయడం ఆ చట్టం ప్రకారం తప్పనిసరి, అది నాకూ వర్తిస్తుంది. అందుకే ఈ సంగతిని నా దగ్గరకు వచ్చే పిల్లలకు మొదటి మాటల్లోనే చెప్పేస్తాను.

అపోహ: దాని గురించి మాట్లాడితే మానిన పుండును కెలికినట్టే

అన్నింటికన్నా గట్టిగా నాటుకున్న నమ్మకం ఇదే. ఇందులో ఒక పాలు నిజం ఉంది కనుకే తొలగించడం కష్టం. సంఘటన జరిగిన వెంటనే బిడ్డను కూర్చోబెట్టి ‘మొత్తం చెప్పు, మళ్లీ చెప్పు’ అని తవ్వడం మంచిది కాదు. అటువంటి ఒక విడత విచారణ లాంటి కౌన్సెలింగ్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. బంధువులు ఒక్కొక్కరుగా వచ్చి వివరాలు అడగడం ఇంకా హాని. కానీ బిడ్డ తానుగా నోరు తెరిచినప్పుడు ‘అవన్నీ మరిచిపో, ఇంకెవరికీ చెప్పొద్దు’ అంటే, జరిగినదానిలో తన తప్పు కూడా ఉందని ఆ బిడ్డ అర్థం చేసుకుంటుంది. మరిచిపోవడం వారి చేతుల్లో లేదు. వారు నేర్చుకునేది దాచడమే. అలా దాచిన బాధ పదిహేను, పదహారేళ్ల వయసులో కోసుకోవడంగానో, మత్తుగానో, చావాలన్న ఆలోచనగానో బయటపడుతుంది.

బిడ్డ చెప్పినప్పుడు పెద్దలు అనవలసిన మాటలు కొన్నే. “నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు. చెప్పి మంచి పని చేశావు. ఇకముందు ఏం చేయాలో నేను చూసుకుంటాను.” ఇంతకు మించి ఆ రోజు ఏమీ అడగనవసరం లేదు. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న మాత్రం అస్సలు వద్దు. ఇంట్లో ఎవరో ఒకరు, అమ్మో, అవ్వో, మేనమామో, ఈ నాలుగు మాటలు అని ఆ మాట మీద నిలబడిన పిల్లలు ఎంత తేలికగా కోలుకుంటారో చూస్తూ ఉంటాను కనుక దీనిని ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

చికిత్సలో మాట్లాడించే తీరు వేరు. పిల్లల మానసిక గాయాల కోసం ప్రత్యేకంగా రూపొందించిన ప్రవర్తన చికిత్స సాధారణంగా 12 నుంచి 16 విడతల్లో సాగుతుంది. మొదటి విడతల్లో సంఘటన వివరాలు చెప్పమని అడగం. ఊపిరిని నెమ్మదించడం, గుండె దడ వచ్చినప్పుడు ఏం చేయాలో, తన భావాన్ని ఏ పేరుతో చెప్పాలో నేర్పుతాం. జరిగినదాన్ని చెప్పడం, రాయడం, బొమ్మ గీయడం ఆ తరువాతే, బిడ్డ తట్టుకోగలిగినంత మేరకే. తల్లిదండ్రులకు కూడా సమాంతరంగా విడతలు ఉంటాయి.

చావాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని వెనకాడేవారు ఉన్నారు. అలా జరగదు. నెమ్మదిగా, సూటిగా అడిగితే చాలామంది పిల్లలకు బరువు దిగినట్టవుతుంది.

అపోహ: చిన్నప్పుడు దెబ్బతిన్నవారి బతుకు ఇక అంతే

ఈ మాటకు ఇప్పుడు విజ్ఞానశాస్త్రం పేరు కూడా తోడైంది. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, బాల్యంలో నాలుగు లేదా అంతకు మించిన రకాల ప్రతికూల అనుభవాలు ఎదుర్కొన్నవారికి మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు, అసలు ఏవీ ఎదుర్కోనివారితో పోలిస్తే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. అది చాలా ముఖ్యమైన అధ్యయనం. అయితే దాని నుంచి వచ్చిన పది ప్రశ్నల పట్టిక ఫోన్లలో తిరుగుతుంటే, దానికి జవాబులు రాసుకుని, తమకు ఆరు వచ్చిందనో ఏడు వచ్చిందనో వణుకుతూ వచ్చిన డిగ్రీ విద్యార్థులను నేను చూశాను. ఆ లెక్క జనసమూహానికి సంబంధించినది. ఒక మనిషి భవిష్యత్తును దానితో తేల్చకూడదని ఆండా స్వయంగా తరువాత హెచ్చరించారు. ఆ పది ప్రశ్నల్లో తల్లో తండ్రో చనిపోవడం లేదు, పేదరికం లేదు, కులం పేరుతో పడిన అవమానం లేదు. పక్కన నిలబడిన మనిషి ఉన్నారా అన్న ప్రశ్న అసలే లేదు.

ఆ చివరి ప్రశ్నకు జవాబు హవాయి దీవుల్లో జరిగిన మరో అధ్యయనంలో దొరుకుతుంది. 1955లో కవాయి దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి లేదా తాగుడు మధ్య పెరిగినవారిలో మూడో వంతు మంది పద్దెనిమిదేళ్లకే నిలకడైన మనుషులయ్యారు; అప్పటికి తడబడుతున్న మిగిలినవారిలో కూడా చాలామంది ముప్పై, నలభై ఏళ్ల వయసుకు కుదుటపడ్డారు. కోలుకున్నవారికి తాతో అవ్వో, ఉపాధ్యాయుడో, వారిని విడవకుండా పట్టించుకున్న మనిషి కనీసం ఒకరు ఉన్నారు.

కనుక ఇరవై ఏళ్లు దాటాయి, ఇప్పుడు చెప్పుకుని ఏం లాభమని అనుకునేవారు కూడా రావచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవారు తల్లిదండ్రులకు చెప్పకుండానే చికిత్సకు రావచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయలుదేరి రావడానికి ధైర్యం చాలనివారికి ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు రాత్రింబగళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటి రోజే జరిగినదంతా చెప్పవలసిన పని లేదు. నిద్ర పట్టడం లేదనో, ఊరికే కోపం వస్తోందనో చెబితే మొదలుపెట్టడానికి సరిపోతుంది.