గోగ్రహణం నుంచి గొడ్ల దొంగ దాకా

విశాఖ శివారు పల్లెల్లో రాత్రి సాలలో కట్టిన గేదె తెల్లవారేసరికి మాయమై, కోసిన పలుపు ముక్క ఒక్కటే గుంజకు మిగిలితే, ఆ పని చేసినవాడికి ఊరు పెట్టే పేరు ఒక్కటే: గొడ్ల దొంగ. అదే పని రాజు సేనలతో వచ్చి చేస్తే మన భాష దానిని గోగ్రహణమంది. విరాటుని మందలను దక్షిణాన సుశర్మ, మర్నాడు ఉత్తరాన కౌరవులు తోలుకుపోయిన ఘట్టం తిక్కన చేతిలో తెలుగై ఇంటింటి కథ అయింది; ‘ఆవులను మళ్లించినవాడే అర్జునుడు’ అనే సామెతా పుట్టింది. తోలుకుపోయినవారిని దొంగలన్న సామెత మాత్రం నేను వినలేదు.

ప్రాచీన రోమన్ న్యాయవేత్తలు పేరును లెక్కతో ముడిపెట్టారు. గుర్రమైనా ఎద్దైనా ఒక్కటి తోలుకుపోతే చాలు, అతడు ‘అబిగేయుస్’, అంటే పశువుల దొంగ. గొర్రెలైతే పది ఉండాలని వారిలో కొందరి మాట. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలో అలాంటి ప్రత్యేక పదం ఉండేది కాదు. పశువు కూడా చరాస్తే. అయితే దాని 378వ సెక్షన్ ఉదాహరణల్లో ఒక ఎద్దు ఉండేది: అది మోస్తున్న ధనపు పెట్టెను కాజేసే ఉద్దేశంతో ఒకడు దానిని తోలితే, ఎద్దు కదిలిన క్షణానే ఆ ధనం దొంగతనం జరిగినట్టు.

చేసిన పనిని బట్టి రావలసిన పేరు పుట్టుకను బట్టి వచ్చింది మాత్రం నేరస్థ జాతుల చట్టంతోనే. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టం 1911 నాటి సవరణతో, విశాఖ కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. తీరం నుంచి ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి ఊళ్లకు చేర్చి బతికిన ఎరుకలవారి వ్యాపారాన్ని రైళ్లు దెబ్బతీశాయి. ఆ తర్వాత వారిలో ఎందరో ఈ చట్టపు పట్టీలకెక్కి, వేలిముద్రలిచ్చి, పిలిచినప్పుడల్లా పోలీసుల ముందు హాజరు పలకవలసి వచ్చింది. పశువులే బతుకైనవారి మీద ఈ ముద్ర పడడం నాకు చట్టం చేసిన అన్యాయాల్లో అతి క్రూరమైనదిగా తోస్తుంది.

1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయి, కాగితం మీద వారు విముక్త జాతులయ్యారు. అయినా ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా సాలలో తెగిన పలుపు కనబడితే, దానిని కోసిన కత్తి ఎవరిదో ఆరా తీయకముందే చూపులు ఊరి చివరి గుడారాల వైపు తిరుగుతాయి.