పున్నమి నాడు బిలాలు ఎక్కడికి పోతాయి?

కొత్త టెలిస్కోప్‌తో పున్నమి చంద్రుణ్ణి ఫొటో తీస్తే అంతా తెల్లగా, చదునుగా వచ్చిందట. "బిలాలు, అదే, చంద్రుడి మీది గుండ్రటి గుంతలు ఏవండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. టెలిస్కోప్ బాగానే ఉంది, తిథే కుదరలేదు.

రాత్రి గతుకుల రోడ్డు మీద బైక్ హెడ్‌లైట్ నేలబారుగా పడితే చిన్న గుంత కూడా నల్లగా నోరు తెరుస్తుంది. అదే గుంత మిట్టమధ్యాహ్నం కళ్లకు ఆనదు. చంద్రుడి మీద హెడ్‌లైట్ సూర్యుడే. పున్నమి నాడు మనకు కనిపించే బింబం నడిమి భాగంలో సరిగ్గా మిట్టమధ్యాహ్నం. అంచుల్లో ఎండ ఏటవాలుగానే పడుతుంది కానీ ఫలితం లేదు. హెడ్‌లైట్‌ని మన కంటి ఎత్తుకు లేపితే ఎలాగో అలాగన్నమాట. నీడలన్నీ మిట్టల వెనకే ఉండిపోతాయి.

అందుకే వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర వెతకాలి. అక్కడ అప్పుడే తెల్లవారుతుంటుంది. ఆ గీత చంద్రుడి మధ్యరేఖ మీద గంటకు సుమారు 15 కిలోమీటర్లు జరుగుతుంది. 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలాన్ని దాటడానికి దానికి ఆరు గంటలు పడుతుంది. బిలం లోతు 4 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సూర్యుడు 5 డిగ్రీలు పైకి వచ్చాక కూడా గట్టు నీడ 40 కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది. అంటే దాదాపు సగం బిలం ఇంకా చీకట్లోనే ఉంటుంది. వెడల్పుతో పోలిస్తే ఆ లోతు ఏపాటిది? ఫొటోలో పాతాళంలా కనిపించేదంతా నీడల మహిమే!

కోపర్నికస్‌కు శుక్లపక్ష దశమి ప్రాంతం, టోలెమేయస్ బిలానికి అష్టమి బాగుంటాయి. చవితి నాడు పెటావియస్ బిలం, దాని నడుమ కొండల నుంచి గట్టుదాకా సాగే చీలికతో సహా అద్భుతంగా దొరుకుతుంది. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలని పిల్లల్ని లోపలికి తోసేస్తాం. నన్నడిగితే బడిపిల్లలకు టెలిస్కోప్ పెట్టి చూపించాల్సింది ఆ సాయంత్రమే. పున్నమి మరీ దండగేం కాదు, టైకో బిలం నుంచి చిమ్మిన తెల్లటి చారలు అప్పుడే బాగా మెరుస్తాయి.

ఇక కెమెరా సంగతి. 150 మిల్లీమీటర్ల వెడల్పు ముఖమున్న టెలిస్కోప్ సిద్ధాంతరీత్యా చంద్రుడి మీద సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల వివరాన్ని విడదీయగలదు. మన గాలి అంత పడనివ్వదు, బొమ్మ నిరంతరం వణుకుతుంది. అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టకుండా వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో పడినవాటిని సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. ఫోన్‌తో తీసేవాళ్లు ఎక్స్‌పోజర్ బాగా తగ్గించుకోవాలి. ఆటోలో వదిలేస్తే ఫోన్ చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, గట్లన్నీ తెల్లగా కాలిపోతాయి.