కలర్ టీవీ పుట్టుకపై అపోహలు, వాస్తవాలు: ఒక టీవీ మెకానిక్ మాట

అపోహ: బ్లాక్ అండ్ వైట్ బాగా కుదిరాక, చాలా ఏళ్లకు గానీ రంగు ఎలా తేవాలో తెలియలేదు.

తెలియకేం! 1928లోనే లండన్‌లో టీవీ తొలి ప్రయోగాలు చేసిన బెయర్డ్ తిరిగే డిస్కుతో రంగు బొమ్మ చూపించేశాడు. చిక్కంతా జనం ఇళ్లలో అప్పటికే ఉన్న సెట్లతో వచ్చింది. అమెరికాలో 1950లో ప్రసారాల్ని నియంత్రించే ఎఫ్‌సీసీ ఓకే చేసిన సీబీఎస్ టీవీ కంపెనీ పద్ధతిలో కెమెరా ముందొకటి, టీవీ ముందొకటి రంగుల చక్రం తిరుగుతుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి బొమ్మ మినుకుమినుకుమనకుండా సెకనుకు 144 ఫీల్డులు (సగం సగం బొమ్మలు) పంపాలి, పాత సెట్లేమో 60కి కట్టినవి. అంటే కోటికి పైగా సెట్లలో రంగు సంగతి అటుంచి, మామూలు బొమ్మే రాదు. ఆ ప్రసారం 1951 జూన్‌లో మొదలై అక్టోబర్‌కల్లా ఆగిపోయింది. (ఆ చక్రం మాత్రం చావలేదు, 1969లో అపోలో 10 కలర్ కెమెరాలో మళ్లీ తిరిగింది.)

అపోహ: మూడు రంగులూ మూడు సిగ్నళ్లుగా గాల్లో వస్తాయి.

అలా పంపాలంటే మూడు ఛానళ్ల చోటు కావాలి, ఉన్నది 6 మెగాహెర్ట్జ్. అందుకే ముందు ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలం 11 శాతం కలిపి వెలుతురు సిగ్నల్ చేశారు, పాత సెట్టుకు అదొక్కటే చాలు. రంగును 3.58 మెగాహెర్ట్జ్ సబ్‌క్యారియర్ (అదే ఛానల్లో కలిపిన చిన్న అదనపు అల) మీద ఎక్కించారు. దాని ఫేజ్‌ను (అల ఎంత ముందుకో వెనక్కో జరిగిందన్న దాన్ని) బట్టి ఏ రంగో, సైజును బట్టి ఎంత గాఢమో తెలుస్తుంది. బొమ్మ సిగ్నల్ లైన్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు తెర మీద గీసే లైన్ల లెక్క) గుణిజాల దగ్గర గుంపులు కడుతుంది, మధ్యలో ఖాళీలుంటాయి, రంగును సరిగ్గా ఆ ఖాళీల్లో దూర్చారు. నా లెక్కలో మొత్తం కథలో అసలైన తెలివి ఇదే.

అపోహ: సెకనుకు 29.97 ఫ్రేములు (పూర్తి బొమ్మలు) అనేది ఎవరో చేసిన పిచ్చి లెక్క.

సౌండ్ 4.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. అదీ రంగూ కొట్టుకుంటే తెర మీద గీతలు. సౌండ్‌ను జరిపితే పాత సెట్లలో మాట సరిగా వినపడదు, అందుకని 30ని వెయ్యిలో ఒక వంతు తగ్గించారు. 1953 డిసెంబర్‌లో ఎన్‌టీఎస్‌సీ అనే ఈ అమెరికా కలర్ పద్ధతి ఆమోదం పొందింది ఈ లెక్కతోనే.

అపోహ: పాత టీవీ పిక్చర్ ట్యూబులో గన్నులు రంగు కిరణాలు కొడతాయి.

గన్నులు కొట్టేవి ఎలక్ట్రాన్లు, వాటికి రంగేమిటి? రంగు తెర మీది ఫాస్ఫర్ చుక్కలది, ఎలక్ట్రాన్ తగిలితే అవి వెలుగుతాయి. తెర వెనక లక్షకు పైగా రంధ్రాలున్న రేకు, అంటే షాడో మాస్క్, ఏ గన్ను దెబ్బ ఆ రంగు చుక్కకే తగిలేలా చూస్తుంది. చాలా ఎలక్ట్రాన్లు మాస్కుకే తగిలి వేడిగా పోతాయి, తొలి సెట్లు మసగ్గా ఉండటానికి అదీ ఒక కారణం. భూమి అయస్కాంతం కూడా గురి తప్పిస్తుంది, ఆ టీవీల చోటు మారిస్తే డీగాస్ (పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టడం) చేయక తప్పేది కాదు.

అపోహ: మన పాల్ కలర్ పద్ధతికీ, అమెరికా ఎన్‌టీఎస్‌సీకీ ఫ్రీక్వెన్సీల్లోనే తేడా.

ఎన్‌టీఎస్‌సీలో దారిలో ఫేజ్ కాస్త జరిగినా ముఖాలు పచ్చగానో ఊదాగానో అయిపోతాయి. జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీర్ వాల్టర్ బ్రూక్ లైను విడిచి లైనుకు ఫేజ్ తిరగేశాడు, పక్కపక్క లైన్లు కలిపితే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కలపాలంటే ఒక లైనును 64 మైక్రోసెకన్లు ఆపాలి కదా, ఆ పని గాజు డిలే లైన్‌ది. 1982లో మన దూరదర్శన్ తీసుకున్నదీ ఈ పాల్ పద్ధతే. డిలే లైన్ అడ్జస్ట్‌మెంట్ తప్పితే ముఖాల మీద అడ్డగీతలు పడేవి, కస్టమర్ మాత్రం ముందు "అన్నా, యాంటెన్నా తిప్పమంటావా?" అనే అడిగేవాడు.