నార కవచానికి బంక ఎవరు పూశారు? గ్రీకు కవచాలపై అపోహలు - వాస్తవాలు

నాటకాలకు, ప్రదర్శనలకు ప్రాచీన కవచాల నమూనాలు తయారుచేయడం నా వృత్తి. గ్రీకు కవచం కావాలని వచ్చేవారిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న, నార బట్ట (లినెన్) పొరలను ఏ బంకతో అతికించాలన్నదే.

అపోహ: గ్రీకుల నార కవచమంటే బంకతో అతికించిన బట్ట పొరలు.

వాస్తవం: నార కవచాలు ఉండేవన్నది నిజమే. హోమర్ కావ్యం ఇలియడ్‌లో లోక్రిస్ నాయకుడు ఏజాక్స్ నార కవచధారి. ఈజిప్టు రాజు అమాసిస్ స్పార్టాకు పంపిన నార కవచంలో ఒక్కొక్క దారాన్ని 360 పోగులతో పేనారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. క్రీ.పూ. 331లో గౌగమేలా యుద్ధానికి అలెగ్జాండర్ రెండు మడతల నార కవచం తొడిగాడని అతని జీవితచరిత్ర రాసిన ప్లూటార్క్ చెప్పాడు. వీరిలో ఒక్కరూ బంక ఊసెత్తలేదు. అది ఆధునికుల ఊహ. బంకతో చేసిన నమూనా బాణాలను ఆపుతుందని అమెరికా పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపారు గాని, అలా చేయవచ్చని తేలినంత మాత్రాన గ్రీకులు అలాగే చేశారని రుజువు కాదు.

బంక లేకపోతే భుజం పట్టీలు బిగుసుకుని ఎలా నిలుస్తాయని అడుగుతారు. బెర్లిన్‌లోని సోసియాస్ పాత్ర అనే ప్రాచీన గ్రీకు మట్టిపాత్రపై ఉన్న చిత్రంలో, ఇలియడ్ వీరుడు అకిలెస్ గాయానికి కట్టు కడుతుండగా అతని మిత్రుడు పట్రోక్లస్ భుజం పట్టీ ముడి విడి పైకి లేచి ఉండడం నిజమే. బొంత కుట్టినట్లు దట్టంగా కుట్టిన బట్టయినా, మందపాటి తోలయినా అలాగే నిలుస్తుంది. పటికతో పదును చేసిన తోలు తెల్లగా కూడా ఉంటుంది కనుక, చిత్రంలో తెల్లగా కనిపించిన ప్రతి కవచమూ నార కానక్కరలేదు.

ఈ పుకారును నమ్మి ఒక విద్యార్థి, దాచుకున్న డబ్బంతా పెట్టి, జంతువుల తోలు ఉడికించి తీసిన బంకతో పదిహేను పొరలు అతికించాడు. వానాకాలపు తేమకు అది మెత్తబడి, బూజుపట్టి, వాసన వేసింది. దాన్ని నా ముందు పెట్టి, తప్పు ఎక్కడ చేశానని అతడు అడిగినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. అతని చేతిపనిలో లోపమేమీ లేదు.

కంచు కవచాలను పోతపోసేవారన్నది మరో పొరపాటు. రేకును సుత్తితో సాగగొట్టి మలిచేవారు. ఇనుము వాడలేదనడమూ సరికాదు: 1977లో ఉత్తర గ్రీసులోని వెర్గినా దగ్గర ఒక సమాధిలో బంగారు అలంకారంతో ఇనుప కవచం దొరికింది.

ఇప్పటికే బంక పూసినవారు బట్టను పారేయవద్దు. జంతువుల బంక గోరువెచ్చని నీటిలో నానితే వదులుతుంది. ఆ విద్యార్థి బట్టను అలాగే విడదీసి, ఉతికి, ఆరబెట్టి, పొరలు పేర్చి ఇద్దరం కలిసి మళ్లీ కుట్టాము.